మా ఆయన ఎడమచెయ్యి కోసం కొన్న పెట్టె

కూడబలుక్కుని చదవగలను. రాయడం మాత్రం సంతకం వరకే. అందుకని నోటితో చెబుతున్నాను. నా గొంతు పుట్టుకతోనే బొంగురు, వినేవాళ్ళే కాస్త సర్దుకోవాలి.

మా ఆయన డోలు వాయించేవాడు. ఆయన తమ్ముడు, అంటే నా మరిది, సన్నాయి. మాది దివిసీమ. అవనిగడ్డ చుట్టుపక్కల పెళ్ళిళ్ళే కాదు, అటు మొవ్వ, పామిడిముక్కల దాకా అన్నదమ్ములిద్దరినీ పిలిచేవాళ్ళు. డోలుకు రెండు మొహాలుంటాయి కదా. కుడివైపు వేళ్ళకు తొడుగులు పెట్టుకుని కొడతారు, అది టకటకమంటుంది. ఎడమవైపు పుల్లతో కొడతారు, అది కడుపులోంచి వస్తుంది. జనం కుడిచేతినే చూస్తారు, ఆ వేగానికే నోళ్ళు తెరుస్తారు. నేను మాత్రం కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ ఎడమచేతికి పడిపోయాను. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం అందుకుంటే ఆ దెబ్బ నేలలోంచి వచ్చి అరికాళ్ళకు తగిలేది. నేనెక్కడో వంటల దగ్గరున్నా తెలిసిపోయేది, ఆయనేనని.

ఒక వానాకాలం జ్వరమని పడుకుని ఇక లేవలేదు. డోలు గోడనున్న మేకుకు అలాగే ఉండిపోయింది.

పోయినవాడితో పాటు ఇంకోటి కూడా పోయింది నాకు. డోలంటే శుభానికి మోగేది. మొగుడు పోయినదాన్ని, గట్టిమేళం మోగే చోటికి నేనెందుకు వెళ్తాను? ఎవరూ రావద్దని అనలేదు. ఎవరూ రమ్మనీ అనలేదు.

పెద్దకర్మ అయిన నెలకు మా మరిది వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"వదినా, కార్తీకంలో పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. అవతల డోలతను దొరికాడు కానీ అతనికి సొంత వాయిద్యం లేదు. అన్నయ్యది ఇస్తే..."

"మీ అన్న కాలిన బూడిద ఇంకా ఆరలేదు, అప్పుడే డోలు కావాల్సొచ్చిందా నీకు?" అన్నాను. "ఆయన కొట్టిన దానిమీద ఇంకోడి చెయ్యి పడ్డానికి వీల్లేదు."

అతను గడప దగ్గరినుంచే తిరిగి వెళ్ళిపోయాడు. దసరాకు వచ్చి డోలుకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఇంకోసారి అడిగాడు, డోలునే చూస్తూ, "కొట్టకపోతే తోలు మూత చచ్చిపోయిద్ది వదినా" అని. నేను వినిపించుకోనట్టు బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. ఆ కార్తీకమంతా అతను ఏ ఊరి పెళ్ళికి ఆ ఊళ్ళో డోలు అద్దెకు వెతుక్కున్నాడు. దొరకని చోట పెళ్ళి వదులుకున్నాడు. ఈ సంగతి మా తోడికోడలు బావి దగ్గర ఎవరితోనో చెబుతుంటే విన్నాను. విని కూడా డోలు దించలేదు.

మొవ్వలో ఒక రైతుగారింటి పెళ్ళిలో మా ఆయన వాయించాడు, పోయే ముందు వేసవిలో. ఆ పెళ్ళి సీడీ అడిగి తెచ్చుకున్నాను. పెళ్ళి సీడీలు తెలుసు కదా, మేళం మోగుతున్నంతసేపూ పైన సినిమా పాట పెట్టేస్తారు. మా ఆయన చేతులు కదులుతుంటే ఎవరో హీరోయిన్ పాట వినిపిస్తుంది. తాళి కట్టే చోట మాత్రం గట్టిమేళం అలాగే ఉంచారు. ఆ కాస్తే మా ఆయన మిగిలాడు. కానీ మా టీవీలో పెడితే రేకుల మీద చినుకులు పడ్డట్టు టపటపా, అంతే. కుడిచెయ్యి ఉంది, ఎడమచెయ్యి లేదు. పుల్ల లేవడం కనబడుతుంది, దిగడం కనబడుతుంది, దెబ్బ వినబడదు.

అప్పుడే పక్కింటివాళ్ళు ఊఫర్ కొన్నారు. వాళ్ళు పాట పెడితే మా ఇంట్లో గిన్నెల మీద మూతలు కదిలేవి. తిట్టుకునేదాన్ని. ఒక సాయంత్రం అలా తిట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాను, అరికాళ్ళకు తగిలింది. నేలలోంచి. అలా తగిలి ఎన్నాళ్ళయిందో. తిట్టడం ఆపేశాను.

పక్కింటామెను అడిగితే, అందులో పెద్ద పెట్టె ఒకటుంటుందనీ, లోపలి బరువు చప్పుళ్ళన్నీ అదే పలికిస్తుందనీ చెప్పింది. గేదె పాల మీద దాచుకున్నవి పదిహేను వందలున్నాయి. సంవత్సరీకానికని ఉంచినవి. ఇంకా ఏడాది తిరగలేదు, ఇంట్లో పాట వినపడకూడని ఏడాది. ఆ డబ్బు తీసి పాటల పెట్టె కొనబోతున్నాను. తప్పని తెలుసు. తెలిసే తీశాను.

ఏది కొనాలో నాకేం తెలుస్తుంది? చప్పుడు తెలిసినవాడు మా మరిదే. డోలు ఇవ్వనన్న నోటితోనే వెళ్ళి అడిగాను, బందరు తోడు రమ్మని. మూఢాలు నడుస్తున్నాయి, పెళ్ళిళ్ళు లేవు, ఖాళీగానే ఉన్నాడు. ఎందుకని కూడా అడగలేదు. చొక్కా వేసుకుని వచ్చాడు.

అవనిగడ్డలో బస్సెక్కాం. చల్లపల్లి దాటాక చెప్పాను, ఎందుకు వెళ్తున్నామో. కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"అన్నయ్య ఎడమచెయ్యి ఆ సీడీలో పడిందంటావా వదినా?"

"పడకుండా ఎక్కడికి పోయిద్ది? ఆయన కొట్టాడు కదా."

"అదీ నిజమే" అన్నాడు.

బందరులో రెండు షాపులు చూశాం. మొదటి షాపతను నా పదిహేను వందలు విని రేడియో చూపించాడు. రెండో షాపతను మంచివాడు, కుర్చీ వేశాడు. ఊఫర్లు వరసగా పెట్టి ఉన్నాయి. ముందు ఒక ప్లాస్టిక్‌ది చూపించాడు, చుట్టూ ఎర్ర లైట్లు వెలిగి ఆరుతున్నాయి.

"బాగా మెరుస్తోంది వదినా, చిలకలపూడి గిల్టు సరుకులా. నెలకు నల్లబడిద్ది" అన్నాడు మా మరిది.

షాపతను నవ్వాడు. చెక్కపెట్టెలు రెండు తీశాడు. ఒకటి నల్లగా, బరువుగా, లైట్లూ గీట్లూ ఏమీ లేకుండా ఉంది. రెండోది పల్చటి చెక్క, తేలిక. నల్లది రెండొందలు ఎక్కువ.

"ఏ పాట పెట్టమంటారు పిన్నిగారూ?"

కొంగులోంచి సీడీ తీసి ఇచ్చాను. అతను పెట్టాడు, ఎక్కడుందో చూపించమన్నాడు, గట్టిమేళం మొదలైంది. షాపంతా దద్దరిల్లింది. బజారులో వెళ్తున్న వాళ్ళు ఆగి లోపలికి చూశారు.

"ఎవరిదయ్యా పెళ్ళి? అక్షింతలేవీ?" అన్నాడు ఒకాయన గుమ్మంలోంచి.

"మీదే బాబాయ్, పిల్లను లోపల కూర్చోబెట్టాం, రండి" అన్నాడు షాపతను.

అందరూ నవ్వారు. నేను మాత్రం ఎప్పుడు జరిగానో, ఫ్రిజ్‌ల వెనక్కి జరిగిపోయి ఉన్నాను. అక్కడ తాళీ లేదు, పెళ్ళీ లేదు. అయినా గట్టిమేళం వినగానే కాళ్ళు వెనక్కి అడుగేశాయి. అలవాటైపోయింది. మా మరిది చూశాడు. చూసి, చూడనట్టు సీడీ వైపు తిరిగాడు.

ఆ గోలలో ఏది ఏదో నాకు తెలియలేదు. ఆపించాను. పెట్టెల దగ్గరకొచ్చి వేలికణుపుతో కొట్టి చూశాను, కుమ్మరి దగ్గర కుండను కొట్టి చూసినట్టు. నల్లది 'దబ్' మంది, తడి గోడను కొట్టినట్టు. పల్చటిది 'ఖంగు'మని మోగింది.

"ఇది" అన్నాను.

"పిన్నిగారూ, అది కుండ కాదండీ" అన్నాడు షాపతను. "మోగాల్సింది లోపలి స్పీకరు, పెట్టె కాదు. పెట్టె మోగిందంటే పాటలో దూరి అదీ పాడిద్ది. నల్లది తీసుకోండి, పోనీ వందే ఎక్కువ ఇవ్వండి."

"చవకది అడిగితే ఖరీదైంది అంటగడతారు, మీ సంగతి నాకు తెలియదా?" అన్నాను. నా గొంతుకు పక్క షాపు వాళ్ళు కూడా తిరిగి చూశారు.

"వదినా, ఆ వంద నేనేస్తా" అన్నాడు మా మరిది మెల్లగా.

"నువ్వు చెప్పు, మోగనిది మంచిదెట్లా అయిద్ది? మీ డోలు అట్లా కొనుక్కుంటారా?"

అతను రెండింటినీ కొట్టి చూశాడు. చెవి ఆనించాడు. పుట్టినప్పటినుంచీ మోగేదే మంచిదని నేర్చిన మనిషి, ఇంకేమంటాడు? "వదిన అన్నదీ నిజమేనండీ" అన్నాడు షాపతనితో. అతను చేతులెత్తి దణ్ణం పెట్టి పల్చటిదే కట్టించి ఇచ్చాడు.

బస్సులో కూర్చోవడానికి ఒక్క సీటే దొరికింది. నన్ను కూర్చోమని, ఆ పెట్టెను పొట్టకు ఆనించుకుని దారంతా నిలబడ్డాడు మా మరిది. గుంటల్లో బస్సు ఎగిరినప్పుడల్లా కింద చెయ్యి పెట్టి కాచాడు. వాళ్ళన్న డోలును కూడా అట్లాగే తెచ్చేవాడు. నేను తల తిప్పుకుని రోడ్డు పక్క కాలవ చూస్తూ కూర్చున్నాను. చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక వైర్లు అతనే కలిపాడు. పెట్టెను గోడవారగా పెట్టాడు, డోలు కింద. తలుపు మూయమన్నాను, ఇంకా ఏడాది తిరగని ఇల్లు కదా, ఎవరైనా వింటారని. సీడీ పెట్టాడు.

వచ్చింది. పుల్ల దిగడం, నేల అదరడం, నా అరికాళ్ళకు తగలడం. ఆ పెట్టె ముందు గచ్చు మీద చతికిలపడ్డాను. "వచ్చావా" అన్నాను, మా మరిది ఉన్నాడని కూడా మర్చిపోయి. మళ్ళీ పెట్టమన్నాను, మళ్ళీ పెట్టాడు. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, ఏదో చేస్తున్నాను.

అతను మాత్రం ఏడవలేదు. తల పక్కకు వంచి వింటున్నాడు. లేచి వెళ్ళి గోడనున్న డోలు ఎడమమొహం మీద అరచెయ్యి ఆనించాడు. దెబ్బ సగం పోయింది. చెయ్యి తీశాడు. మళ్ళీ వచ్చింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"వదినా..." అని ఆగాడు. సీడీ కట్టేశాడు. "ఇది అన్నయ్య కాదు."

"మరెవరు?"

"సగం ఆ పెట్టె. ఏ దెబ్బకైనా ఒకటే మోత మోగుతోంది. షాపతను చెప్పిందే నిజం. సగం ఇదిగో, ఇది. మూత వదులైపోయి, పెట్టె మోగినప్పుడల్లా అదురుతోంది." డోలు మీద వేలు పెట్టి నొక్కాడు. తోలు పిండిముద్దలా లోపలికి దిగింది, తిరిగి రావడానికి ఆలోచించింది. అంచున బూజు పట్టి ఉంది. "చెమ్మ లాగేసింది."

నీవల్లే అని అనలేదు. అంటే బాగుండేది. నేను తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. తుండుతో ఆ బూజు తుడిచాడు, ముందు నెమ్మదిగా, తర్వాత ఇంకా నెమ్మదిగా. "వస్తా వదినా" అని వెళ్ళిపోయాడు.

అన్ని నెలలూ ఆయన గుర్తుగా ఉంచుకున్నాననుకున్నాను. గోడకు వేలాడదీసి కుళ్ళబెట్టాను. దాని కిందే కూర్చుని, ఆ కుళ్ళిన తోలు అదురుతుంటే, వచ్చావా అని పిలిచాను.

తెల్లారాక డోలు దించాను. దులపడం తప్ప దాన్ని ఎప్పుడూ ఎత్తలేదు నేను. పట్టీ భుజానికి వేసుకుంటే డొక్కలో పొడిచింది. ఇంత బరువా, దీంతోనా ఆయన పొద్దస్తమానం నవ్వుతూ నిలబడింది? వీధిలో అందరూ చూస్తుండగా మా మరిది ఇంటికి మోసుకెళ్ళాను.

పళ్ళు తోముకుంటున్నాడు. వేపపుల్ల నోట్లోనే ఉండిపోయింది.

"ఏంటి వదినా ఇది?"

"మూతలు వేయించు. మాఘమాసం ముహూర్తాలు వస్తున్నాయిగా."

"ఇంకోడి చెయ్యి పడకూడదన్నావు."

"అన్నాను. నోరు నాదేగా, ఎన్నైనా అనిద్ది."

లోపలినుంచి తోడికోడలు వచ్చింది. బావి దగ్గర మాట్లాడింది నేను విన్నానని ఆమెకు తెలియదు. డోలు చూసి, నన్ను చూసి, "కాఫీ తాగి వెళ్ళక్కా" అంది. అంతే అంది.

"మరి ఆ పెట్టె?" అన్నాడు మా మరిది.

"కుండలాగా మోగుతోందిగా. బియ్యం పోసుకుంటా."

అప్పుడు నవ్వాడు. వాళ్ళన్న పోయాక అతను నవ్వడం నేను అప్పుడే చూశాను.

మాఘంలో గుడివాడలో పెళ్ళి, మేళం మా మరిదిది. మా దూరపు చుట్టాలే, శుభలేఖ ఇచ్చారు. అప్పటికీ ఏడాది తిరగలేదు. వెళ్ళకూడదు, వెళ్ళాను. ముందుకు పోలేదు లెండి. కళ్యాణమండపం వెనక, వంటలు జరిగే చోట, విస్తళ్ళు తుడుస్తున్న వాళ్ళలో కలిసి కూర్చున్నాను. చెప్పులు విడిచి పెట్టాను.

గట్టిమేళం అందుకున్నారు. నేలలోంచి వచ్చింది. ఈసారి పెట్టె లేదు, అదిరే తోలు లేదు. కొత్త మూత, కొత్త మనిషి. ఆ ఎడమచెయ్యి ఒక్కో దెబ్బా విడివిడిగా, బరువుగా, తూకంగా వేస్తోంది. మా ఆయన గట్టిమేళంలో తొందరపడేవాడు, చివరికొచ్చేసరికి ఎడమచెయ్యి కుడిచేతి వెంట పరుగెత్తేది. ఇన్నేళ్ళూ అది నాకు తెలుసు. ఆ తొందర కూడా నాకు ఇష్టమే. కానీ ఈ చెయ్యి పరుగెత్తలేదు. అరికాళ్ళకు అబద్ధం తెలియదు కదా. ఇది ఆయన కంటే బాగుంది. కొత్త మూత కదా, అందుకేలే అని చెప్పుకున్నాను. రెండుసార్లు చెప్పుకున్నాను. విస్తరి తుడుస్తున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది, దెబ్బ దెబ్బకూ కళ్ళు మూసుకుని వింటూ ఉండిపోయాను.

భోజనాలప్పుడు మా మరిది వెతుక్కుంటూ వెనక్కి వచ్చాడు. సన్నాయి చంకలో ఉంది, మొహమంతా చెమట.

"ఎట్లా ఉంది వదినా?"

"బాగానే ఉంది" అన్నాను. "మీ అన్నంత లేదులే."

తుండుతో చెమట తుడుచుకుంటూ నా మొహంలోకి చూశాడు. వాళ్ళన్న డోలు నా కంటే ముందునుంచీ వింటున్న మనిషి అతను.

"లేదులే వదినా, అన్నయ్యంత ఎక్కడిది" అన్నాడు. వెళ్ళి నాకు ఒక విస్తరి తెచ్చి వేశాడు.