అన్నం తిన్నాక చూసిన బండి

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే కాపురం ఉండేది. ఇప్పుడు తగ్గిందని కాదు, ఇప్పుడు దానికి బీపీ అని పేరు పెట్టి డాక్టరుగారు మాత్రలు రాశారు, అంతే తేడా. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం నా కోపం నూటికి నూరుపాళ్లూ న్యాయమైనదేనని ఇప్పటికీ వాదిస్తాను. మా గోదావరి వాళ్లకి మర్యాద ఎక్కువ. మీరు ఎదురుగా వచ్చే లారీ కిందకి నడిచి వెళ్తున్నా, 'కాస్త పక్కకి జరుగుతారేంటండీ' అని మెత్తగా అడుగుతారు తప్ప గట్టిగా కేకెయ్యరు. ఆ మర్యాద పుణ్యమా అని నేను ఇంజను పోయిన ఒక క్వాడ్ బైకుకి యజమానిని కాబోయాను.

పాలకొల్లు దగ్గర మా ఊళ్లో మాకు రెండు రొయ్యల చెరువులు ఉండేవి. డిగ్రీ పూర్తిచేసి (పూర్తయిందనే అనుకుందాం, మిగిలిపోయిన ఆ ఒక్క సబ్జెక్టు గొడవ ఇప్పుడెందుకు) ఇంటికొచ్చిన నాతో, 'ఈ పంటకి నీ పని చూస్తాను, నమ్మకం కుదిరితే కాలవ పక్క చెరువు నీకు వదిలేస్తాను' అన్నారు నాన్నగారు. నాకు ఆ చెరువు కావాలి. ఎంతగా కావాలంటే, నిద్రలో కూడా రొయ్యలకి మేత వేసేవాణ్ణి. తీరా ఆ వానాకాలం గట్టు మీద సైకిలు జారి, మేత బస్తాతో సహా రెండుసార్లు చెరువులో పడ్డాను. పనివాళ్లంతా పగలబడి నవ్వారు. నాన్నగారు నవ్వలేదు. ఒడ్డున నిలబడి నా వంక ఊరికే చూశారు. ఆ చూపుకి నాకు ఒళ్లు మండిపోయింది. ఇక చెరువు నాకు రాదని తేలిపోయినట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడే బీచి బాబాయిగారి క్వాడ్ బైకు సంగతి తెలిసింది. ఈయన మాకు దూరపు బంధువు, నరసాపురం అవతల సముద్రం ఒడ్డున ఉండేవారు, అందుకే ఆ పేరు. సరదాగా వచ్చే జనాన్ని ఇసకలో తిప్పడానికి ఎక్కడినుంచో నాలుగు లావుపాటి చక్రాల మోటారు సైకిలు తెచ్చారు. అది రెండేళ్లు తిరిగి మూలపడింది. ఇంజనుకి చిన్న రిపేరు ఉందట. బురదలో జారదు, వెనక నాలుగు బస్తాలు మోస్తుంది! దాని మీద నేను గట్టున దర్జాగా వెళ్తుంటే, నవ్విన నోళ్లన్నీ మూతపడటం నా కళ్లకి కట్టింది. 'కొననా నాన్నగారూ?' అంటే, 'నీ ఇష్టంరా' అన్నారు. అవునో కాదో చెప్పరు! ఆ మాటకి మళ్లీ మండింది.

ఇంజను చూడటానికి మా ఊరి ఆయిలింజన్ల మేస్త్రీని వెంటపెట్టుకు వెళ్లాను. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడంటే లోపల ఏ భాగం ఏడుస్తోందో చెప్పెయ్యగలడు. మేం చేరేసరికి పన్నెండు దాటింది. 'బండి ఎక్కడికి పోద్ది అబ్బాయ్, ముందు కాళ్లు కడుక్కోండి' అన్నారు బాబాయిగారు. అక్కడే నేను బోల్తాపడ్డాను. పనసపొట్టు కూర, రొయ్యల వేపుడు, గోంగూర, గడ్డపెరుగు. మేస్త్రీ మూడుసార్లు వద్దన్నాడు, పిన్నిగారు నాలుగుసార్లు వడ్డించారు. తర్వాత పాకలోకి వెళ్లి బండి స్టార్ట్ చేస్తే నీలం రంగు పొగ కమ్ముకుంది, లోపల ఎవరో గరిటెతో గిన్నెలు బాదుతున్నట్టు చప్పుడు, ఆపైన నిశ్శబ్దం. మేస్త్రీ చెవినుంచి స్క్రూడ్రైవరు తీసి, బాబాయిగారి వైపు చూసి, ఒకసారి తేన్చి, 'ఆయ్! బండి దివ్యంగా ఉందండి. కార్బొరేటరు కడిగితే సరిపోద్దండి' అన్నాడు. నేను అక్కడికక్కడే మాట ఇచ్చేశాను.

తిరుగు బస్సు రెండు స్టాపులు దాటాక మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. 'అబ్బాయిగారూ, తమరేమీ అనుకోకపోతే... ఆ ఇంజను పోయిందండి. ఇసక లోపలికెళ్లిపోయి సిలిండరు బోరంతా గీతలు పడిపోయిందండి. పిస్టను, రింగులు, బేరింగులు అన్నీ మార్చాలండి. ఆ పార్టులు మన దగ్గర దొరకవండి.'

'మరి అక్కడే ఎందుకు చెప్పలేదయ్యా!' బస్సంతా నా వైపు తిరిగింది.

'అన్నం పెట్టిన ఇంట్లో నిలబడి మీ బండి బాగోలేదని ఎలా చెప్తామండీ? బాగోదు కదండీ.'

ఏం బాగోదు! నేను మునిగిపోతే బాగుంటుందా! ఇంటికి వచ్చేదాకా అతనితో మాట్లాడలేదు (అతను మాత్రం నా టిక్కెట్టు కూడా తీసి, కిటికీ పక్క సీటు నాకే ఇచ్చాడు, ఆ మర్యాద చూసి ఇంకా మండింది). మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే మళ్లీ వెళ్లాను. ఈసారి మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పిన్నిగారు కాఫీ తెస్తే గుమ్మంలోనే నిలబడి, 'నాకేం వద్దండీ! ఇంజను చచ్చిపోయిన బండి నాకెలా అంటగట్టారు బాబాయిగారూ?' అని అరిచాను. నా జన్మలో ఒక పెద్దాయన మీద అలా గొంతెత్తడం అదే మొదలు.

బాబాయిగారికి కోపం రాలేదు. ఆయన నొచ్చుకున్నారు, అది ఇంకా ఘోరం. 'ఇంజను పోయిందని నాకు తెలుసు బాబూ. భోజనాలయ్యాక చెబుదామనే ఉన్నాను. ఈలోగా మీ మేస్త్రీ దివ్యంగా ఉందనేశాడు. పాపం, అంత పనిమంతుడు. నీ ముందు ఆయన మాట తప్పని ఎలా అనను? ఆయన చిన్నబోడూ?'

ఇంక నేనెవరి మీద అరవాలి? మెదలకుండా కాఫీ తాగి, బండి వద్దని చెప్పి బయలుదేరాను. దారి పొడుగునా మేస్త్రీనీ, బాబాయిగారినీ, పిన్నిగారి పనసపొట్టునీ, అందరికంటే ఎక్కువగా నాన్నగారినీ తిట్టుకున్నాను. వద్దని ఒక్క ముక్క అని ఉంటే నాకీ తిప్పలు ఉండేవా? ఇవాళ అడిగేస్తాను, ముఖం మీదే అడిగేస్తాను, చెరువు ఇస్తే ఇవ్వనీ లేకపోతే మాననీ అనుకుంటూ, ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా చెరువు దగ్గరికి నడిచాను.

కాలవ పక్క చెరువు గట్టు మీద నలుగురు మనుషులు మట్టి పోస్తున్నారు. నాన్నగారు పంచె ఎగ్గట్టుకుని, మోకాళ్లదాకా బురదలో దిగి, పార పట్టుకుని ఉన్నారు. నిన్ననే మొదలుపెట్టారట. అప్పటికే సగం పొడుగునా గట్టు రెట్టింపు వెడల్పయింది. నన్ను చూసి నుదుటి చెమట తుడుచుకుంటూ, 'ఆ బండికి మన గట్టు సరిపోదురా. నువ్వు కొలుచుకోలేదనుకుంటాను. నువ్వు తెచ్చుకునేలోగా చేయిద్దామని' అన్నారు.

కొలవలేదు. మూడు వారాలు ఆ బండి గురించే కలలు కన్నానుగానీ, అది ఎంత వెడల్పో, మా గట్టు ఎంత వెడల్పో ఒక్కసారి కూడా కొలవలేదు. 'బండి కొనడంలేదండీ' అన్నాను, నేల చూస్తూ. ఆయన ఎందుకని అడగలేదు. 'అయితే ఇంత గట్టు మీద ఇక సైకిలైనా జారదులే. మిగతా సగం నువ్వు పోయించుకో, చెరువు నీదే కదా' అని పార నా చేతికిచ్చి, కాళ్లు కడుక్కోవడానికి కాలవలోకి దిగారు.

ఇప్పటికీ మా చుట్టుపక్కల అంత వెడల్పాటి గట్టున్న చెరువు ఇంకోటి లేదు. 'ఇంత భూమి గట్టుకెందుకు వదిలేశారండీ?' అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. చెబితే నవ్వుతారని, అదో లెక్కండీ అని గంభీరంగా చెప్పి పంపేస్తాను. సాయంత్రాలు ఆ గట్టు మీద నడుస్తుంటే, బస్సులో మేస్త్రీ మీద ఎగిరిపడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వొస్తుంది. ఇద్దరు మనుషులు పక్కపక్కనే హాయిగా నడవచ్చు ఆ గట్టు మీద. నాన్నగారు ఉన్న రోజుల్లో అలా ఎందుకు నడవలేదా అని నా మీద నాకే కోపం వస్తుంది.