బర్రెల బుచ్చమ్మ గుర్రం

బహదూర్‌పురాలో బర్రెల బుచ్చమ్మ నోటికి భయపడనివాళ్లు లేరు, ఆమె చేతికి దండం పెట్టనివాళ్లూ లేరు. ఎంత మొరాయించే బర్రె అయినా ఆమె చెయ్యి పొదుగు మీద పడితే పాలు చేపాల్సిందే. మొగుడు పోయాక కొట్టాన్నీ కొడుకునీ ఒంటిచేత్తో సాకిన మనిషి. సలహాలు చెప్పడమే గానీ అడగడం ఆమెకు అలవాటు లేదు.

కొడుకు బాలనర్సింహ రోజూ కావడి మోసుకుంటూ ఉస్మాన్‌గంజ్ మిఠాయి దుకాణాలకు పాలు పోసి వచ్చేవాడు. వాడి అవస్థ చూడలేక ఆమె పాలబండి పెట్టాలనుకుంది. నవాబులు మోటార్ల మోజులో పడి గుర్రాల తబేలాలు ఖాళీ చేస్తున్న రోజులవి. అలా ఒక నవాబు దేవిడీ నుంచి ఎర్రటి ఆడగుర్రాన్ని కొని తెచ్చింది బుచ్చమ్మ. "బర్రెలోల్ల ఇంట్ల గుర్రమేంది?" అని వాడకట్టంతా పకపకా నవ్వింది. దాన్ని పాలబండికి కట్టి అందరి నోళ్లూ మూయించాలని ఆమె పంతం పట్టింది.

పంతానికి ప్రేమ తోడైతే ఇంకేముంది! కుడితి, తెలగపిండి, నానబెట్టిన పత్తిగింజలు, బర్రెలకు పెట్టినట్టే గంపలకొద్దీ పెట్టింది. బర్రెను చరిచినట్టే వెనక నుంచి వచ్చి పిరుదు మీద చరిచేది. గుర్రం బెదిరి తన్నేది. బండికి కట్టబోతే అడుగు కదిపేది కాదు. "దాని సుడి మంచిగ లేదు, అమ్మెయ్" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఒక పొద్దున చూస్తే గుర్రం కడుపు ఉబ్బిపోయి, చెమటలు కక్కుతూ, పడుతూ లేస్తూ ఉంది.

బుచ్చమ్మకు తెలిసిన వైద్యమంతా బర్రెల వైద్యమే. కొడుకును వెంటబెట్టుకుని, ఒకప్పుడు నవాబు తబేలాలో గుర్రాలకు వైద్యం చేసిన మదార్ సాబ్ ఇంటికి పరుగెత్తింది.

"సాబ్, నా గుర్రం సస్తున్నది. నాకేం తెలుస్తలేదు" అంది. తల్లి నోట ‘తెలుస్తలేదు’ అన్న మాట వినడం బాలనర్సింహకు అదే మొదలు.

మదార్ సాబ్ వచ్చి గుర్రం డొక్కకు చెవి ఆనించాడు. "పేగులల్ల సప్పుడే లేదు. ఏం పెట్టినవక్కా?"

ఆమె చెప్పింది.

"యా అల్లా! బర్రె నెమరేస్తది, గిది నెమరేస్తదా? గుర్రం కడుపు చిన్నది. కక్కుదామన్నా దానికి రాదు."

"అయిపాయె, ఇప్పుడేం జెయ్యాలె?"

"వాము, ఇంగువ, నల్లుప్పు కలిపి తాగిపిస్త. నువ్వు నడిపియ్. పండుకొని పొర్లితే పేగు మెలివడ్తది, మల్ల బతకదు. లద్ది ఏసేదాంక ఆగొద్దు. ఎనుక నుంచి పోకు, ముంగట ఉండి మాట్లాడుకుంట పో."

ఇక చూడాలి బుచ్చమ్మను! కళ్లెం పట్టుకుని వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపించింది. గుర్రం మోకాళ్లు వంచినప్పుడల్లా తిట్టింది, బతిమాలింది. అత్తగారి ఆరళ్ల నుంచి కొడుకు పుట్టిన ముచ్చట దాకా తన బతుకంతా దానికి చెప్పుకుంది. నవ్విన వాడకట్టంతా అరుగులెక్కి ఊపిరి బిగబట్టి చూసింది. పొద్దు వాలుతుండగా గుర్రం నడివీధిలో ఆగి, తోక ఎత్తి, ఇంత లద్ది వేసింది.

"ఏసింది! నా బిడ్డ ఏసింది!" అని బుచ్చమ్మ గంతులేసింది. పుట్టినప్పటి నుంచి పేడ ఎత్తిన మనిషి, లద్దిని చూసి ఆనందంతో ఏడ్చింది. "షాబాష్ అక్కా!" అన్నాడు మదార్ సాబ్. వాడకట్టంతా చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత అంతా మదార్ సాబ్ చెప్పినట్టే నడిచింది. ఎండుగడ్డే మేత; ముందు నీళ్లు, ఆ తర్వాతే ఉలవలు, అవీ కొంచెం కొంచెం. గుర్రం తేరుకుని నున్నగా అయింది.

బండి కట్టే రోజున మదార్ సాబ్ కూడా వచ్చాడు. పాల క్యాన్లు ఎక్కించి బాలనర్సింహ పగ్గాలు పట్టాడు. గుర్రం కదలలేదు. చెవులు తిప్పి బుచ్చమ్మ వైపే చూస్తోంది.

"అది నడిసింది నీ గొంతు ఇనుకుంటనే గదా. నువ్వే తోలు" అన్నాడు మదార్ సాబ్.

ఆడది బండి తోలడమేమిటని ఆమె కూడా ఒక్క క్షణం జంకింది. కొంగు నడుముకు దోపి ఎక్కి కూర్చుంది. "నడువు బిడ్డా" అంది.

బండి కదిలింది. పురానాపూల్ వంతెన మీద టాంగావాలాలు నోళ్లు తెరిచి దారిచ్చారు. ఉస్మాన్‌గంజ్‌లో మిఠాయి సేటు గల్లా వదిలి బయటికొచ్చి, క్యాన్ల మధ్య కూర్చున్న బాలనర్సింహను చూసి, "మరి బండి ఎవలు తోలుకొచ్చిండ్రు?" అని అడిగాడు.

బుచ్చమ్మ పగ్గాలు పైకెత్తి చూపించింది.