రెండుసార్లు పాట పెట్టిన గెల

“జబ్బంటే మందుండాలి కదండీ వదినగారూ! మందు లేని జబ్బుకి చందా ఏంటండీ, నలుగురూ నవ్విపోతారు.”

“మందు లేదనే కదమ్మా చందా. ఉంటే మందుల షాపుకే పోదును, నిన్నెందుకు అడుగుతాను?”

“అది బద్ధకమండీ. తెల్లారే లేపి రెండు బిందెలు మోయించండి, అదే పోద్ది. మీరు గారాబం చేసేరు.”

“గారాబమా? అగ్గిపుల్లని రెండుగా చీల్చి వాడేదాన్ని. నా దగ్గర గారాబం ఎక్కడుంది?”

ఆవిడ నా ఆడపడుచు, మా ఆయన చెల్లెలు. మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ మాటలన్నీ నా మనవరాలి మీద. పిల్ల పక్కగదిలోనే పడుకుని అన్నీ వింటోంది.

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. అమలాపురంలో టీచరు ట్రైనింగు చదువుతుండగా పిల్లకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, నీరసం పోలేదు. ఏడాదిన్నరపాటు మంచం మీదే. తల దువ్వుకుంటూ సగంలో చెయ్యి దించేసేది. కాకినాడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంది. నేను అయిదో తరగతితో ఆపినదాన్ని. ఆ పేరు చీటీ మీద రాయించుకుని నేర్చుకున్నాను. ఎందుకొస్తుందో ఇంకా తేలలేదని, పై దేశాల్లో రోగుల రక్తం తీసి వెతుకుతున్నారని, ఆ పరిశోధనకే తను చందాలు పోగుచేస్తున్నానని చెప్పింది. “బలవంతాన లేపకండి. శక్తికి మించి చేస్తే ఆ పూట బాగానే ఉంటారు, మర్నాడు పడిపోతారు” అని రెండుసార్లు హెచ్చరించింది.

కోత పండుగలో వచ్చేదాంట్లో కొంత దానికి ఇమ్మని సమాజాన్ని అడిగాను. మా ఆడపడుచు అందరి చేతా కాదనిపించింది. ఆ సంగతి చెప్పడానికే వచ్చి ఇన్ని మాటలంది.

ఆవిడ వెళ్ళాక పిల్ల, “మామ్మా, నాది నిజంగా బద్ధకమేనేమో” అంది.

ఇక ఆవిణ్ణి వదలకూడదనుకున్నాను.

కోత పండుగ ఆదివారం ఎవరి పంటలో మొదటిది వాళ్ళు చర్చికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. కొన్నది మళ్ళీ చర్చికే ఇచ్చేస్తే రెండో పాట పెడతారు. ఆ రెండో పాట డబ్బు ఏ పనికి వెళ్ళాలో ఇచ్చినవాళ్ళే చెప్పవచ్చు. అది మా చర్చి పద్ధతి.

“నేను రాలేను మామ్మా” అంది పిల్ల. “ఒక్క పూటే. వాళ్ళు నిన్ను చూడాలి” అని రిక్షాలో ఎక్కించి, తీసుకెళ్ళి ముందు వరసలో కుర్చీ వేయించాను.

మా ఆడపడుచు తెచ్చిన చక్కెరకేళీ అరటిగెల పాటకొచ్చింది. ఏటా నిమ్మకాయ తప్ప ఏదీ పాడని నేను వంద అన్నాను. అందరూ తిరిగి చూశారు. ఆవిడ నూటయాభై అంది. నేను రెండొందలన్నాను. ఆవిడ నవ్వి, “మీకే వదిలేసేనండీ వదినగారూ, పట్టుకెళ్ళండి” అంది. కోడిగుడ్లమ్మి దాచినదంతా పోసి గెల తీసుకున్నాను. తీసుకుని మళ్ళీ పాటకిచ్చేశాను.

“ఆయ్, దేనికండీ?” అన్నాడు పాట పెట్టేవాడు.

“జబ్బు పేరు నువ్వే చెప్పు” అని పిల్లని లేపి నిలబెట్టాను. పిల్ల మైకు పట్టుకుని ఆ పేరులో మూడు మాటలూ చెప్పింది. ఎవరూ పాట అందుకోలేదు. పెద్దావిడ వద్దన్నదానికి పాడే ధైర్యం ఎవరికుంది?

“ఒకటోసారి... రెండోసారి...”

“అయ్యో, మా ఆడపడుచు గెలని అడిగే దిక్కులేదా?” అన్నాను గట్టిగా.

ఆవిడ మొహం కందిపోయింది. యాభై అంది. నేను వందన్నాను. ఆవిడ పెంచింది, నేనూ పెంచాను. ఆవిడ నాలుగొందలనగానే నేను ఊరుకున్నాను. రసీదు ఆవిడ పేరునే రాయించి, జబ్బు పేరు పక్కనే వేయించి, చేతికిచ్చాను. పిల్ల పకపకా నవ్వింది. ఆవిడ మీద నాకు ఈ రోజుకీ జాలి లేదు.

మర్నాడు పొద్దున్న పిల్ల కళ్ళు తెరిచింది గానీ తల ఎత్తలేకపోయింది. చెంచాతో జావ పోశాను. నాలుగో చెంచాకి ఇక చాలని కళ్ళతోనే చెప్పింది. అప్పుడే మా ఆడపడుచు వచ్చి గుమ్మంలో నిలబడింది.

“నిన్న బాగానే ఉంది కదండీ” అంది.

వెలుతురు భరించలేక పిల్ల మొహం తిప్పుకుంటే, నేను లేచి కిటికీ తలుపులు మూశాను.