దేవసహాయం పంతులు చెప్పిన ఇంగ్లీషు మాట

హుజూర్‌నగర్‌లో క్రైస్తవ పిల్లల కోసం నడిచే చిన్న బడిలో దేవసహాయం పంతులు ఇంగ్లీషు చెప్పేవాడు. 1947 వానాకాలంలో పాఠంలో ‘ఇంటర్‌వీవ్’ అనే మాట వచ్చింది. కలిపి అల్లడం అని చెబితే పిల్లలు ముడివేయడం అనుకున్నారు. ఆయన పక్కనే ఉన్న ఇంట్లోంచి భార్య పిచ్చమ్మను పిలిచాడు. ఆమె ఈతాకులతో చాప అల్లుతుంటే పిల్లలు చుట్టూ చేరారు.

“సూడుండ్రి. ఒక ఆకు మీదికెల్లి పోతది, ఇంకోటి కిందికెల్లి పోతది. యాడా ముడి లేదు. అయినా ఒకదాన్ని గుంజితే రెండోది కదుల్తది. గదే ఇంటర్‌వీవ్,” అన్నాడు పంతులు.

దారాలకూ ఆకులకూ వాడినట్టే కథలకూ, బతుకులకూ ఆ మాట వాడతారనీ, జరిగిపోయినదైతే ‘ఇంటర్‌వోవ్’ అనాలనీ చెప్పాడు. బతుకులకెట్లా అని ఒక పిల్ల అడిగింది. ఆయన పిచ్చమ్మ వైపు చూశాడు. పిల్లలు నవ్వారు. ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మరుసటి ఎండాకాలం, నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని ఎవరో చెప్పగా నిజాం పోలీసులు ఆయన్ను సూర్యాపేటకు పట్టుకుపోయారు. నిజంగానే పెట్టాడు. వండింది పిచ్చమ్మ. ఎన్ని దెబ్బలు తిన్నా ఆమె పేరు బయటపెట్టలేదు. ఆమె జొన్నరొట్టెలు మూటగట్టుకొని సూర్యాపేట దాకా నడిచి వెళ్లింది. కాపలావాళ్లు రొట్టెలు తీసుకున్నారు గానీ మనిషిని చూపించలేదు. పొద్దుగూకేదాకా వాకిట్లో కూర్చుని తిరిగొచ్చింది. వానలు పడ్డాక ఊళ్లో కలరా వచ్చింది.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక దేవసహాయాన్ని వదిలిపెట్టారు. కుంటుకుంటూ ఇల్లు చేరాడు. గడపలో పిచ్చమ్మ తల్లి ఏసమ్మ ఒక్కతే ఉంది. ఆమె ముఖం చూసి ఆ పక్కనే కూర్చున్నాడు. పోయేముందు పిచ్చమ్మ ఏమన్నా చెప్పిందా అని అడిగాడు.

“నువ్వొచ్చినవా అని అడిగింది, అయ్యా. వాకిట్ల కాళ్లు కడుక్కుంటున్నడని చెప్పిన. అబద్ధమాడిన. గట్లనే కండ్లు మూసింది.”

బడి మళ్లీ తెరిచారు. ఆ పాఠం వచ్చిన రోజు మాటకు అర్థం రాయించాడు. బతుకులకూ వాడతారని మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పిల్లలు చప్పుడు చేయకుండా లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత మిర్యాలగూడ బడికి మారాడు. బిడ్డే లేనప్పుడు నేనెందుకని ఏసమ్మ మేళ్లచెరువుకు, తన తమ్ముడి దగ్గరికి బయలుదేరింది. ఆమె చేతిలోని మూట ఆయన అందుకున్నాడు.

“నువ్వు పోతే పిచ్చమ్మ ముచ్చట ఎవరితోని చెప్పుకోవాలె, అత్తమ్మా?”

ఆమె ఉండిపోయింది. తీరా ఒక్కచోట ఉన్నాక ఇద్దరిలో ఎవరూ ఆ పేరు ఎత్తలేకపోయారు. ఏసమ్మ పోయేదాకా, పొద్దున్నే ఆయన నీళ్లు తోడి తెచ్చేవాడు, ఆమె పొయ్యి వెలిగించేది.