పుష్ప నోట రాని మూడో మాట

అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఒక సంచి, ఒక పెన్ను, మధ్యాహ్నం పులిహోర, చివర్లో అందరినీ వరసగా నిలబెట్టి ఒక ఫోటో. ఇన్నేళ్లలో ఆ సంచులు మా వంటింట్లో ఉల్లిపాయలకూ బంగాళాదుంపలకూ సరిపోయినన్ని పోగయ్యాయి. అందుకే, చిన్నపిల్లల మనసుకు తగిలే దెబ్బల గురించి సంగారెడ్డిలో రెండు రోజుల శిక్షణ ఉందని కబురు రాగానే, "పద పుష్పా, ఇంకో సంచి తెచ్చుకుందాం" అన్నాను. మామూలుగా అయితే నా మాటకు రెండు మాటలు తగిలించేది. ఆ రోజు పలకలేదు. కొడుకు పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు.

పుష్పది ఇస్నాపూరే. మా నాన్న చలపతిరావు భీమవరం వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పెరిగినా పుష్పకు మాత్రం "ఆంధ్ర హైమక్క"నే. మా సెంటర్లు రెండూ పక్కపక్క గల్లీల్లో ఉంటాయి. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే, పుష్ప అంగన్‌వాడీ జీతంతోనే ఒక్కగానొక్క కొడుకు బాలరాజ్‌ను పెంచి పెద్ద చేసింది.

ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడంలో నాదొక దారి, ఆమెదొక దారి. నేనైతే "అదిగో, అమ్మ వచ్చేస్తోంది" అని వీధి వైపు చూపించేదాన్ని. ఆమె ఒప్పుకునేది కాదు. "పోరగాళ్లకు అబద్ధం చెప్పకు హైమక్కా. మల్ల నువ్వు నిజం చెప్పినా నమ్మరు" అనేది. తాను మాత్రం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ కంపెనీకి పోయింది. నువ్వు బువ్వ తిని, పండుకొని లేసినంక వస్తది" అని ఉన్నదున్నట్టు చెప్పేది. ఆమె మాటకు పిల్లలు ఊరుకునేవాళ్లు. నా మాటకు ఇంకా గట్టిగా ఏడ్చేవాళ్లు. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

అలాంటి మనిషి సొంత మనవరాలి దగ్గర అబద్ధమాడింది. అదీ ఒక పూట కాదు, నెలల తరబడి.

బాలరాజ్ కాజీపల్లిలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. టీ వేళకు అక్కడి క్యాంటీన్‌లో మనిషికో చిన్న బిస్కెట్ ప్యాకెట్ ఇస్తారు. ఇంట్లో పిల్లలున్నవాళ్లెవరూ దాన్ని అక్కడ విప్పరు, చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెస్తారు. సాయంత్రం కంపెనీ బస్సు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగేసరికి పిల్లలు అక్కడ నిలబడి ఉంటారు. నాన్న కోసమా, బిస్కెట్ కోసమా అంటే చెప్పడం కష్టం. బాలరాజ్ కూతురికి నాలుగేళ్లు. ఝరాసంగం కేతకి సంగమేశ్వరుడికి మొక్కుకున్నాక పుట్టిందని కేతకి అని పేరు పెట్టారు. నానమ్మ వేలు పట్టుకుని రోజూ బస్సుకు ఎదురొచ్చేది.

ఒక సాయంత్రం ఆ పిల్లకు క్రీమ్ బిస్కెట్ మీద మనసైంది. "గీ బిస్కెట్ నాకొద్దు" అని ప్యాకెట్ విప్పి మరీ నేలకేసి కొట్టింది. మర్నాడు పొద్దున బాలరాజ్ ఒళ్లు నొప్పులంటూ ముసుగు తీయలేదు. పుష్పే లేపింది. "ఊకె నాగా పెడితె ఎట్లరా, లే" అని టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపింది. ఆ మధ్యాహ్నం కంపెనీలో మందులు కాచే రియాక్టర్ దగ్గర మంటలు లేచాయి. ఇంటికి తెచ్చిన మూటను ఎవరినీ విప్పి చూడనివ్వలేదు.

ఆ రోజు కేతకిని మా ఇంట్లో ఉంచారు. అంతా అయ్యాక పుష్ప వచ్చి గుమ్మంలోనే నిలబడి, "డాడీ దూరం డ్యూటీకి పోయిండని పొల్లకు చెప్పిన. అందరు గదే చెప్పాలె" అంది. అది అడిగినట్టు లేదు, ఆజ్ఞలా ఉంది. గల్లీ గల్లీ అంతా కట్టుబడింది. కోడలు ఇంద్రజను బొట్టు తీయనివ్వలేదు, గాజులు పగలగొట్టనివ్వలేదు. ఎంత మంచి అత్త, ఎంత పెద్ద మనసు అని ఊరు మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. అసలు సంగతి వేరు. బొట్టు లేకపోతే పిల్ల అడుగుతుంది. పాపం ఇంద్రజ బొట్టు పెట్టుకుని, గాజులు వేసుకుని, ఇంట్లో నోరు తెరిచి ఏడ్చే వీలు కూడా లేకుండా ప్యాకింగ్ పనికి పోయి వచ్చేది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధాన్ని అతికించినవాడు యాదన్న, ఆ కంపెనీ బస్సు డ్రైవర్. కేతకి చౌరస్తాకు రావడం మానలేదు. దిగేవాళ్లలో చివరి మనిషి దాకా చూసి, ఆ తర్వాత ఖాళీ మెట్లను చూస్తూ నిలబడేది. యాదన్నకు మనసాగలేదు. తన ప్యాకెట్ కిటికీలోంచి అందించి, "మీ డాడీ పంపిండు బిడ్డా" అన్నాడు. మర్నాడూ ఇచ్చాడు. ఆయన సెలవు పెట్టిన రోజు బస్సులో ఇంకెవరో ఇచ్చేవాళ్లు. ఇంతమంది మంచివాళ్లు కూడబలుక్కుని ఒక పిల్లకు ఇంత చెడు చేయడం నేనెక్కడా చూడలేదు.

కేతకి పక్క తడపడం మొదలుపెట్టింది. నెత్తురొచ్చేదాకా గోళ్లు కొరికేది. సెంటర్‌లో ఆటలు మాని మూల చూసుకుని కూర్చునేది. బస్సులో వచ్చిన బిస్కెట్లు ఒక్కటీ తినేది కాదు, బియ్యం డబ్బా వెనక దాచేది. "డాడీ వచ్చినంక ఇద్దరు కలిసి తిననీకట" అని పుష్ప నాతో చెప్పుకుని మురిసిపోయేది. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. ఒకసారి ఉండబట్టలేక, "ఇక చెప్పేస్తే మంచిదేమో పుష్పా" అన్నాను.

"నీ నోట్ల మన్నువడ! నా కొడుకు గా పొల్ల నోట్లనన్న బతికున్నడు. గది గుడ సంపమంటవా?" అని కసిరింది.

ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి పేరు రమ్యశ్రీ. హైదరాబాద్‌లో మానసిక సమస్యలున్న పిల్లలతో పనిచేస్తుందట. వయసు చూస్తే మా అమ్మాయి కంటే చిన్నదే. మొదట్లో నేను ఆవలించాను, అందులో దాచేదేముంది. కానీ ఆ పిల్ల, "పెద్దవాళ్ల దుఃఖం కళ్లలోంచి వస్తుంది. చిన్నపిల్లలది కడుపునొప్పిలో వస్తుంది, కొరికిన గోళ్లలో, తడిసిన పక్కలో కనబడుతుంది" అనేసరికి నా ఆవలింత మధ్యలోనే ఆగింది. పుష్ప వైపు చూశాను. పెన్ను మూత పెడుతూ, తీస్తూ కూర్చుంది.

రెండో రోజు ఆ అమ్మాయి ఇంట్లో చావు గురించి ఎత్తుకుంది. ఊరెళ్లాడనీ, నిద్రపోతున్నాడనీ, డ్యూటీకి పోయాడనీ పిల్లలకు చెప్పొద్దంది. మూడు మాటలు చాలంది. చనిపోయాడు. ఇక రాడు. నీ తప్పేం లేదు. మమ్మల్ని ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు పిల్లగా, ఒకరు టీచరుగా ఆ మాటలు పైకి అని అలవాటు చేసుకోమంది. నేను పిల్లనయ్యాను. ఈ నెరిసిన జుట్టుతో నేను పిల్లనంటే ఎవరికైనా నవ్వొస్తుంది, ఒకరిద్దరు నవ్వారు కూడా. పుష్ప నా చెయ్యి పట్టుకుంది.

"చనిపోయిండు" అంది. "ఇగ రాడు" అంది. మూడో మాట రాలేదు. ఉన్నట్టుండి నా చెయ్యి విదిలించి లేచి నిలబడింది.

"మేడం, మీకు పిల్లలున్నరా?"

హాల్లో అందరూ మా వైపు తిరిగారు.

"లేరండీ."

"గందుకే గింత అల్కగ చెప్తున్రు. నాలుగేండ్ల పొల్లకు తండ్రి సచ్చిండని చెప్పుమంటరా? మీకు నోరెట్ల వచ్చింది?"

రమ్యశ్రీ ముఖం ఎర్రబడింది. అయినా మాట మార్చలేదు. "చెప్పడం చాలా కష్టమేనమ్మా. కానీ మనం కారణం చెప్పకపోతే పిల్లలు తమంతట తామే ఒకటి అనుకుంటారు. ఎక్కువగా తప్పు తమ మీదే వేసుకుంటారు. నేను అల్లరి చేశాను, అందుకే నాన్న రావడం లేదు అనుకుంటారు" అంది.

పుష్ప మెల్లగా కూర్చుంది. మధ్యాహ్నం పులిహోర ముట్టుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటో పటాన్‌చెరు రోడ్డెక్కాక నా మోకాలి మీద చెయ్యి వేసింది. "హైమక్కా, పొల్ల ఆ పొద్దుమూకి బిస్కెట్ పారేసింది సూడు. ఇప్పుడు ఒక్కటి గుడ పారేస్తలేదు. గది డాడీతోని కలిసి తిననీకి దాస్తున్నదనుకున్న. కాదక్కా. నేను పారేస్తలేను సూడు, ఇగ రా డాడీ అని సూపెట్టనీకి దాస్తున్నది." నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

ఆదివారం తోడుకు నన్ను రమ్మంది. కేతకి తల దువ్వి, జడ వేసి, ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఇంద్రజ తలుపు దగ్గర నిలబడింది.

"కేతకీ, మీ డాడీ చనిపోయిండు బిడ్డా. ఇగ రాడు."

పిల్ల నానమ్మ ముఖంలోకి చూసింది. "డ్యూటీకి పోలేదా?"

"పోయిండు. ఆడ మంటలు లేసినయ్. పానం పోయింది."

"మరి బిస్కెట్లు ఎవలు పంపిండ్రు?"

ఎంత శిక్షణ తీసుకున్నా ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. పుష్ప పిల్ల చెయ్యి పట్టుకుని, "యాదన్న తాత ఇచ్చిండు. డాడీ పంపిండని మేమందరం అబద్ధం చెప్పినం" అంది.

కేతకి చాలాసేపు గోరు కొరుకుతూ కూర్చుంది. తర్వాత ఎంతో చిన్న గొంతుతో, "నేను బిస్కెట్ పారేసిన గద. డాడీకి కోపం రాలేదా?" అంది.

ఇక్కడ చెప్పాల్సింది ఆ మూడో మాటే. పుష్పకు మళ్లీ అడ్డం పడింది. నేను అందుకోబోయేలోపే ఇంద్రజ తలుపు వదిలి వచ్చి పిల్ల ముందు కూలబడింది.

"నీ తప్పేం లేదు బిడ్డా. డాడీకి కోపమే రాలేదు. నువ్వు పండుకున్నంక పోయి ఆ బిస్కెట్ ఏరుకొచ్చిండు. ఊదుకొని తనే తిన్నడు. నా బిడ్డకు క్రీమ్ బిస్కెట్ గావాల్నట అని మస్తు నవ్విండు" అంది. అంటూనే ఘొల్లుమంది. మొగుడు పోయిన ఇన్ని నెలలకు ఆ ఇంట్లో ఇంద్రజ పైకి ఏడవగలిగింది. తల్లి ఏడుపును కేతకి కాసేపు చూసింది. లేచి వెళ్లి బియ్యం డబ్బా వెనక నుంచి ప్యాకెట్లన్నీ తెచ్చి కింద పోసింది. సగం చీమలు పట్టాయి. చీమలు లేని ఒకటి ఏరి విప్పి, తల్లి నోటికి ఒక ముక్క అందించి, తనూ తినడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత పక్క తడపడం ఒక్కసారిగా ఆగలేదు గానీ తగ్గింది. గోళ్లు పెరిగాయి. సెంటర్‌లో ఒకణ్ణి గిల్లిందని ఫిర్యాదు కూడా వచ్చింది. నాకు ఆ ఫిర్యాదు పండగలా ఉంది. కేతకి చౌరస్తాకు పోవడం మానేసింది. ఇక గండం గడిచిందనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఒక సాయంత్రం కూరగాయలకని పోతూ చూస్తే, కేతకి నిలబడే చోట పుష్ప నిలబడి ఉంది. బస్సు వచ్చింది. మనుషులు ఒక్కొక్కరే దిగారు. చివరివాడు దిగి పోయాక కూడా ఆమె మెట్ల వంకే చూస్తోంది. యాదన్న బండి తీయలేదు. పుష్ప కిటికీ దగ్గరికి పోయి ఊచ పట్టుకుంది.

"యాదన్నా, ఆ పొద్దు ఒళ్లు నొప్పులన్నడు. లేవనన్నడు. నేనే లేపి తోలిన. నేను లేపకుంటె ఇప్పుడు నీ బస్సులకెల్లి దిగుతుండె."

యాదన్న చెయ్యి అలవాటుగా జేబులోని బిస్కెట్ ప్యాకెట్ మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. నాకు అప్పుడు అర్థమైంది. ఆ మూడో మాటను మేం పిల్లకు చెప్పాం. దాన్ని కొడుకు పోయిన తల్లికి ఒక్కరం కూడా చెప్పలేదు. తనకు ఎవరూ ఇవ్వని మాటను ఆమె మాత్రం ఇంకొకరికి ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది?

నేను రోడ్డు దాటేలోపే, నానమ్మను వెతుక్కుంటూ ఇంద్రజతో వచ్చిన కేతకి ఆమె చెయ్యి విడిపించుకుని ఉరికొచ్చింది. నానమ్మ కొంగు పట్టి లాగింది. తనకు చెప్పిన మాటలే, తనకు చెప్పిన వరసలోనే చెప్పింది.

"నానమ్మా, డాడీ చనిపోయిండు. ఇగ రాడు. నీ తప్పేం లేదు. ఇంటికి పోదాం పా."

పుష్ప ఆ దుమ్ములోనే కూలబడి పిల్లను పొట్టకు అదుముకుంది. కొడుకు పోయినప్పటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. బస్సు వెనక ఆగిన ఆటోలు హారన్లు కొడుతున్నాయి. యాదన్న ఇంజిన్ ఆపేశాడు.

"ఇంకోసారి చెప్పు బిడ్డా" అంది పుష్ప.