పై పన్నెండు మెట్లు, అయిదో సెట్టు

అక్కని మేం అప్ప అంటాం. మా అప్ప మొగుడు బొబ్బిలిలో వీణలు చేస్తాడు. మా బావకి టెన్నిస్ అంటే ఏమిటో తెలీదు. నాకు వీణ గురించి అంతకంటే ఎక్కువేం తెలీదు. అయినా ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ఫైనల్ తలుచుకున్నప్పుడల్లా నాకు కరిగిన మైనం వాసనే గుర్తొస్తుంది.

ఆ ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి మా అమ్మాయినీ, దాని వీణనీ తీసుకుని బస్సెక్కాను. వీణకి సీటు దొరికింది, నాకు దొరకలేదు. పాత మైనం పగిలి, తీగల కింద అందులో నిలబెట్టిన ఇత్తడి మెట్లు కదిలిపోయాయి. మర్నాడే విజయనగరంలో దాని సంగీతం పరీక్ష. కొత్త మైనం వేసి, ఇరవై నాలుగు మెట్లూ ఒక్కొక్కటే చెవితో విని నిలబెట్టాలి. మైనం మెత్తగా ఉండగానే జరపాలి, గట్టిపడితే అంతే సంగతులు. అందుకే ఆ పని జరిగేటప్పుడు ఆ ఇంట్లో కుక్కర్ కూడా కూయకూడదు. మా అప్ప ముందే వంట ముగించేస్తుంది.

మధ్యాహ్నం రెండింటికి ఫైనల్. నేను ప్రాణం పెట్టే ఆటగాడికి ముప్పై అయిదు దాటాయి, మోకాలికి పట్టీ. అవతల ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఇది పోతే మావాడికి ఇంకో ఫైనల్ వస్తుందన్న ఆశ నాకు లేదు.

"బావా, టీవీ పెట్టుకుంటాను. శబ్దం ఉండదు."

"బొమ్మతో నాకేటి బాద? సూసుకో. నోరు మాత్రం నువ్వూ మూసుకోవాల."

మూసుకున్నాను. మొదటి రెండు సెట్లూ మావాడు ఓడిపోతుంటే తువ్వాలు నోట్లో కుక్కుకుని మరీ కూర్చున్నాను. ఆపాటికి బావ కింది పన్నెండు మెట్లూ కట్టేశాడు. అమ్మాయి వీణ కొస పట్టుకుని పక్కనే కూర్చుంది.

మూడో సెట్టులో మావాడు లేచాడు. జనం నిలబడి అరుస్తున్నారు, నాకేమో ఒక్క ముక్క వినబడదు. ఉప్పు లేని పప్పులా ఉంది. రిమోట్ తీసి కాస్త పెంచాను. బావ చెయ్యి ఒక్క క్షణం ఆగింది గానీ తలెత్తలేదు. అలుసు చూసుకుని ఇంకాస్త పెంచాను. ఆ సెట్టు మావాడిదే.

నాలుగో సెట్టు మధ్యలో బావ ఉన్నట్టుండి, "ఆ కుర్రోడి తీగ సడలిపోనాది" అన్నాడు.

"ఏ తీగ?"

"ఆ బేటుకి అల్లుంతాది సూడు, అదే. దెబ్బ మొద్దుగా ఇనబడతన్నాది. ముసిలోడిది ఇంకా కంగుమంతన్నాది."

నవ్వేశాను. రెండు గేములయ్యాక ఆ కుర్రాడు కుర్చీ దగ్గరికెళ్లి సంచీలోంచి వేరే రాకెట్ తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా టెన్నిస్ చూస్తున్న నాకు ఆ తేడా ఒక్కసారీ వినబడలేదు. ఆనందం పట్టలేక బావ చెయ్యి పట్టుకుని ఊపేశాను. నా అరచేతికి మైనం అంటుకుంది.

అక్కణ్ణుంచి బావ మెట్లమీద ఒక కన్ను, టీవీమీద ఒక కన్ను. "పదైదు, ముప్పై, ఆపైన నలబైయా? ఆ అయిదు ఏటైపోనాది?" అని స్కోరు చూసి నిలదీశాడు.

అయిదో సెట్టు టైబ్రేకర్ దాకా వెళ్లింది. శబ్దం ఇంకోసారి పెంచాను. ఆట మొదలై అయిదు గంటలు దాటాక మావాడు ఆఖరి పాయింటు గెలిచి కోర్టులో వెల్లకిలా పడిపోయాడు. నాకంటే ముందు అరిచింది మా బావే. "ఇద్దరికీ మతులు పోనాయేటి?" అంటూ అప్ప టీ తెచ్చింది.

అమ్మాయి వీణ ఒళ్లో పెట్టుకుని వాయించింది. కింది స్థాయి హాయిగా నడిచింది. పైకి వెళ్లేసరికి స్వరాలు తప్పి, ఏమీ తెలీని నాకే పళ్లు జివ్వుమన్నాయి. అది పూర్తిగా వాయించి, తలొంచుకుని, "బాగుంది మావయ్యా" అంది.

బావ దానివైపే చూశాడు. "అబద్దమాడకమ్మా" అన్నాడు, మెల్లగా.

సిగ్గుతో నా మొహం మాడిపోయింది. టీవీలో కప్పు ఇవ్వబోతున్నారు. మావాడు ఏం మాట్లాడతాడో వినాలని ఎన్నేళ్లుగానో ఎదురుచూశాను. లేచి ప్లగ్గు పీకేశాను.

"తప్పు నాది బావా. మూడుసార్లు శబ్దం పెంచాను."

"నాలుగుసార్లు" అన్నాడు. "ఆపమని నానెందుకు సెప్పనేదు? ఆ ముసిలోడు గెలవాలని నాకూ ఆస పుట్టీసినాది. సెవి అటు పోనాక ఇటేటి ఇనబడతాది?"

పై పన్నెండు మెట్లూ ఊడదీసి, మైనం మళ్లీ కరిగించి మొదలుపెట్టాడు. నేను ఫోను కూడా కట్టేసి, దగ్గు వస్తే పెరట్లోకి పరిగెత్తాను. రెండు గంటలు పైనే పట్టింది. ఆ మనిషి నడుం నొక్కుకుంటూ ఒక్కో మెట్టూ కట్టుకొస్తుంటే, చప్పుడు కాకుండా వెళ్లి ఆయన వెనక ఓ దిండు పెట్టాను.

అమ్మాయి మళ్లీ వాయించింది. నా చెవికి అంతా అమృతమే. మా అమ్మాయి మాత్రం ఆగిపోయింది. ఆయనవైపు చూసింది, నావైపు చూసింది.

"మావయ్యా, పైనుంచి మూడోది... ఇంకా కొంచెం శ్రుతి ఎక్కువ పలుకుతోంది."

మా బావ కట్టిన మెట్టుకి వంక పెట్టినవాళ్లని నేనింతవరకూ చూడలేదు. మైనం ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఆయన ఆ మెట్టుని బొటనవేలితో రవ్వంత జరిపి, మీటి, కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ మీటాడు.

"నిజమే సెప్పినావు. ఇంక రేపు పరీచ్చకి బయపడీదేటి?" అంటూ అదే చెయ్యి దాని తలమీద పెట్టాడు.

జుట్టుకి మైనం అంటుకుంది. మర్నాడు పొద్దున్న అప్ప నూనె రాసి తీస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. అలాగే జడేసుకుని పరీక్షకి వెళ్లింది.