పెద్దమ్మ దాచుకున్న నవల

మొన్న ఉదయం పూండి నుంచి తమ్ముడు ఫోన్ చేసి పెద్దమ్మ పోయిందన్నాడు. నిద్రపోతోందేమో, డాక్టరు వచ్చి చూశాడా అని రెండుసార్లు అడిగాను. నా స్థానంలో ఉంటే ఆమె కూడా అలాగే అడిగేది. దేన్నీ ఒక్క మాటకి నమ్మే మనిషి కాదు.

టెక్కలి బళ్లో చాలాకాలం తెలుగు చెప్పింది. కొబ్బరిబొండాం ఊపి చూడందే కొట్టనిచ్చేది కాదు. పుస్తకంలో ముందుమాట చివర్న చదివేది. "ముందుమాటంటే పెళ్లిళ్ల పేరయ్య కబుర్రా. పిల్లని సూసినాక ఇనాల," అనేది. ఇంత అనుమానం మనిషీ ఒక్క రచయితని మాత్రం కళ్లు మూసుకుని నమ్మింది. ఆయన పుస్తకాలన్నిటికీ అట్టలు వేసి దాచుకుంది. అందరూ గొప్పదనే పెద్ద నవల ఒక్కటే చదవలేదు. అదీ అయిపోతే ఆయన దగ్గర ఇంకేమీ మిగలదని, రిటైరయ్యాక చదువుదామని పక్కన పెట్టింది.

రిటైరయ్యేసరికి కిడ్నీలు పాడయ్యాయి. నేను ఊళ్లో ఉన్నన్నాళ్లూ డయాలసిస్‌కి పలాస నేనే తీసుకెళ్లేవాణ్ణి. అక్కడి మంచం మీదే ఆ నవల మొదలుపెట్టింది. పోనుపోను పేజీలు తిరగడం నెమ్మదించింది. పూర్తిచేసిన రోజు తిరిగొస్తూ ఆటోలో నేనే అడిగితే, బాగోలేదంది. ఆయన మిగతా పుస్తకాల్లో మనుషులు తింటారు, తగువులాడుకుంటారు, నవ్వుతారు. ఇందులో అందరూ ఉపన్యాసాలే ఇస్తున్నారట.

ఆ రోజు నుంచి ఆమె అనుమానం తన మీదికే తిరిగింది. ఉప్పులేని కూరలు తిని నోరు చచ్చినట్టే, చదివే మనసూ చచ్చిపోయిందేమోనని. ఒకరోజు నవల నా చేతిలో పెట్టింది.

"నువ్వు సదువు. సప్పగున్నది పుస్తకమో, నేనో సెప్పు."

చదివాను. నాకూ నచ్చలేదు. ఆమె మాట విన్నాక చదవడం వల్ల అలా అనిపించిందేమోనని నామీద నాకే అనుమానం వచ్చి, మధ్య భాగం మళ్లీ చదివాను. బాగుందంటే జబ్బు తన చదువునీ తినేసిందనుకుంటుంది. బాగోలేదంటే ఇన్నేళ్లు నమ్ముకున్న రచయిత దూరమవుతాడు. చివరికి ఉన్నమాటే చెప్పాను.

కళ్లజోడు మీదుగా చూసింది. "నా మనసు కోసం అంటన్నావేటి?"

ఎక్కడ విసుగొచ్చిందో చెప్పమంది. వరదకి ఇల్లు మునిగినా కథానాయకుడు ధర్మం గురించి మాట్లాడుతూనే ఉంటాడు, తడిబట్టలతో నిలబడ్డ పెళ్లాన్ని ఒక్కరూ పలకరించరు, అక్కడ అన్నాను. పెద్దమ్మ నవ్వింది. తనూ సరిగ్గా అక్కడే ఆ రోజుకి పుస్తకం మూసి పక్కన పెట్టిందట.

"అయితే నాకేటీ అవనేదు," అంది.

మరి రచయిత మాటేమిటంటే, అన్ని మంచివి రాసినాయన ఒకటి పాడుచేసుకోకూడదా అంది. ఆ తర్వాతి వారం ఆయనదే పాత చిన్న పుస్తకం ఒకటి సంచిలో వేసుకొచ్చింది. తిరుగుదారిలో, అత్తాకోడళ్లు పనసపండు కోసం తగువులాడే చోటు పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంజను మోతకి వినబడక, ఆటో అతను జీడితోటల దగ్గర బండి పక్కకి ఆపి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆమె తల ఎత్తలేదు. సూది పోట్ల మీద కట్టు కట్టిన చేత్తో పేజీ తిప్పి, కోడలి గొంతు పెట్టి చదువుతూనే ఉంది.